యూనిట్ – 7: ఇంటి కరెంటు బిల్లు, ఆటో డెబిట్ చెల్లింపు

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 బిల్లులో ఏముంటుంది?
7.3 స్లాబుల లెక్క
7.4 రోజుల లెక్క
7.5 ఖాతా నుంచి నేరుగా చెల్లింపు
7.6 చూడకపోతే కనబడనివి
7.7 తప్పు కనబడితే ఏం చేయాలి?
7.8 సారాంశం
7.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు
7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు
7.11 కీలక పదాలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• ఇంటి కరెంటు బిల్లులోని ముఖ్యమైన అంశాలను గుర్తించగలుగుతారు.
• స్లాబుల ప్రకారం బిల్లును స్వయంగా లెక్కకట్టగలుగుతారు.
• బ్యాంకు ఖాతా నుంచి నేరుగా బిల్లు చెల్లించే పద్ధతులను, వాటి నియమాలను వివరించగలుగుతారు.
• బిల్లులో పొరపాటు ఉంటే కనిపెట్టి, ఎవరిని ఆశ్రయించాలో చెప్పగలుగుతారు.

7.1 పరిచయం

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటికి ఆ చుట్టుపక్కల ఎక్కువగా రాళ్ళగుట్టలూ ఖాళీ జాగాలే. ఇప్పుడు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లో వేలాది అపార్టుమెంట్లున్నాయి. వాటిలో అద్దెకుంటున్న ఉద్యోగులు, వారితో వచ్చి ఉంటున్న తల్లిదండ్రులు, హాస్టళ్ళలోని విద్యార్థులు, ఇళ్ళలో పనిచేసే మహిళలు, వాచ్‌మన్ కుటుంబాలు అందరూ ఒకే సంస్థకు కరెంటు బిల్లు కడుతున్నారు. అది తెలంగాణ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. దీన్ని టీజీఎస్పీడీసీఎల్ అంటారు. 2024 వరకు దీని పేరు టీఎస్‌ఎస్పీడీసీఎల్.

ఒకప్పుడు బిల్లు కట్టాలంటే కౌంటరు ముందు వరుసలో నిలబడాలి. నిలబడినంతసేపు చేతిలోని కాగితం మీదికి చూపు పోయేది. 'పోయిన నెల కంటే ఎందుకెక్కువ వచ్చింది?' అని పక్కవారిని అడిగేవాళ్ళం. ఇప్పుడు ఫోనులో ఒకసారి అనుమతి ఇస్తే చాలు, ప్రతి నెలా డబ్బు ఖాతాలోంచి దానంతటదే వెళ్ళిపోతుంది. ఇది మంచి సౌకర్యమే. అయితే దీనివల్ల బిల్లు చదివే అలవాటు తప్పిపోతోంది. బిల్లు కట్టే పనిని బ్యాంకుకు అప్పగించవచ్చు కాని, చదివే పనిని ఎవరికీ అప్పగించకూడదు. ఈ యూనిట్‌లో మీరు నేర్చుకోబోయే ప్రధాన విషయం ఇదే.

7.2 బిల్లులో ఏముంటుంది?

ఇటీవలి బిల్లు ఒకటి దగ్గర పెట్టుకుని ఈ భాగం చదవండి. కింది అంశాలను అందులో ఒక్కొక్కటిగా వెతకండి.

1. ప్రత్యేక సర్వీసు సంఖ్య: దీన్ని బిల్లు మీద 'యూఎస్సీ నంబరు' అని రాస్తారు. ఆన్‌లైన్‌లో చెల్లించడానికి ఇదే ఆధారం. అద్దె ఇంట్లో ఉన్నవారికి బిల్లు యజమాని పేరు మీదే వస్తుంది. కాబట్టి పేరును కాక ఈ సంఖ్యను సరిచూసుకోవాలి.

2. మీటరు సంఖ్య: మీ మీటరు మీద ముద్రించిన సంఖ్యా, బిల్లు మీది సంఖ్యా ఒకటే కావాలి. దీన్ని సరిచూసేవారు చాలా తక్కువ.

3. రీడింగులు, తేదీలు: గత రీడింగు, ప్రస్తుత రీడింగు, వాటి తేదీలు ఉంటాయి. ప్రస్తుత రీడింగులోంచి గత రీడింగును తీసివేస్తే వచ్చేది మీరు వాడిన యూనిట్లు. 1000 వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యే కరెంటు ఒక యూనిట్. 2000 వాట్ల గీజరు అరగంట పనిచేస్తే ఒక యూనిట్ అవుతుంది.

4. కాంట్రాక్టు లోడు: మీ ఇంటికి మంజూరైన సామర్థ్యం. దీన్ని కిలోవాట్లలో చూపుతారు.

5. చార్జీలు: వాడిన యూనిట్లకు ఎనర్జీ చార్జి, కాంట్రాక్టు లోడును బట్టి ఫిక్స్‌డ్ చార్జి, స్లాబును బట్టి కస్టమర్ చార్జి, ప్రభుత్వానికి చెందే విద్యుత్ సుంకం ఉంటాయి. ఈ సుంకం యూనిట్‌కు 6 పైసలు.

6. బకాయిలు, డిపాజిట్లు, సర్దుబాట్లు: ఇవి ప్రతి నెలా రావు. వచ్చిన నెలలో మాత్రం తప్పక గమనించాలి.

7.3 స్లాబుల లెక్క

కరెంటు ధరను పంపిణీ సంస్థ తనంతట తాను నిర్ణయించదు. అది ప్రతిపాదన పంపుతుంది. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరిపి టారిఫ్ ఉత్తర్వు ఇస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఉత్తర్వు ప్రకారం గృహ వినియోగానికి యూనిట్ ధరలు ఇలా ఉన్నాయి.

నెల వాడకం 100 యూనిట్ల లోపు అయితే:
• మొదటి 50 యూనిట్లకు రూ. 1.95
• 51 నుంచి 100 వరకు రూ. 3.10

నెల వాడకం 100 దాటి 200 లోపు అయితే:
• మొదటి 100 యూనిట్లకు రూ. 3.40
• 101 నుంచి 200 వరకు రూ. 4.80

నెల వాడకం 200 దాటితే:
• మొదటి 200 యూనిట్లకు రూ. 5.10
• 201 నుంచి 300 వరకు రూ. 7.70
• 301 నుంచి 400 వరకు రూ. 9.00
• 401 నుంచి 800 వరకు రూ. 9.50
• 800 పైన రూ. 10.00

ధరలు మారినప్పుడు కొత్త ఉత్తర్వులోని అంకెలు తీసుకోవాలి. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే.

ఇక్కడ ఒక ముఖ్యమైన మెలిక ఉంది. హద్దు దాటితే, దాటిన యూనిట్లకే ఎక్కువ ధర పడుతుందని చాలామంది అనుకుంటారు. అన్ని హద్దుల దగ్గరా అలా కాదు. 100 దగ్గర, 200 దగ్గర మొత్తం పట్టికే మారిపోతుంది. అంటే మొదటి యూనిట్ నుంచీ ధర పెరుగుతుంది. ఎనర్జీ చార్జిని మాత్రమే తీసుకుని లెక్కించి చూద్దాం.

100 యూనిట్లకు: (50 × 1.95) + (50 × 3.10) = 97.50 + 155.00 = రూ. 252.50
101 యూనిట్లకు: (100 × 3.40) + (1 × 4.80) = 340.00 + 4.80 = రూ. 344.80
200 యూనిట్లకు: (100 × 3.40) + (100 × 4.80) = 340.00 + 480.00 = రూ. 820.00
201 యూనిట్లకు: (200 × 5.10) + (1 × 7.70) = 1020.00 + 7.70 = రూ. 1,027.70

అంటే నూట ఒకటో యూనిట్ ఖరీదు రూ. 92.30. రెండువందల ఒకటో యూనిట్ ఖరీదు రూ. 207.70. ఒక్క అరగంట గీజరు ఎక్కువ నడిస్తే వచ్చే తేడా ఇది. 300 దగ్గర, 400 దగ్గర ఇలాంటి దూకుడు లేదు. అక్కడ దాటిన యూనిట్లకే కొత్త ధర వర్తిస్తుంది.

గృహజ్యోతి పథకం లబ్ధిదారులకు 200 అనే హద్దు ఇంకా ముఖ్యం. 2024లో ప్రారంభమైన ఈ పథకం కింద అర్హత గల కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తుంది. ఆ నెల వాడకం 200 దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. వాచ్‌మన్ కుటుంబానికి, ఇళ్ళలో పనిచేసే మహిళకు ఆ ఒక్క యూనిట్ వల్ల సున్నా కాస్తా వెయ్యి రూపాయలు దాటుతుంది. అందుకే రీడింగు సరిగా తీశారా, ఏ తేదీన తీశారు అన్నవి చిన్న విషయాలు కావు.

7.4 రోజుల లెక్క

స్లాబులు నెల వాడకానికి పెట్టిన హద్దులు. రీడింగు మాత్రం సరిగ్గా 30 రోజులకే తీస్తారని లేదు. సెలవులు, వర్షాలు, సిబ్బంది కొరత వంటి కారణాల వల్ల రెండు మూడు రోజులు అటూ ఇటూ అవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. కొండాపూర్‌లోని ఒక ఇంటికి 33 రోజులకు రీడింగు తీశారనుకోండి. వాడకం 214 యూనిట్లు. రోజుల సంగతి పట్టించుకోకుండా లెక్కిస్తే ఎనర్జీ చార్జి ఇలా వస్తుంది:

(200 × 5.10) + (14 × 7.70) = 1020.00 + 107.80 = రూ. 1,127.80

ఇప్పుడు రోజువారీ సగటు తీయండి. 214ను 33తో భాగిస్తే రోజుకు సుమారు 6.5 యూనిట్లు. 30 రోజులకు సుమారు 195. అంటే ఈ ఇంటి నెల వాడకం నిజానికి 200 దాటలేదు. రోజులు పెరిగిన నిష్పత్తిలో స్లాబు హద్దులను కూడా పెంచితే, 100 యూనిట్ల హద్దు 110 అవుతుంది, 200 హద్దు 220 అవుతుంది. అప్పుడు లెక్క ఇదీ:

(110 × 3.40) + (104 × 4.80) = 374.00 + 499.20 = రూ. 873.20

రెండు లెక్కల మధ్య తేడా రూ. 254.60. మీ బిల్లులో రోజులు 30 కంటే బాగా ఎక్కువగా ఉండి, యూనిట్లు హద్దుకు కాస్త పైన ఉంటే, స్లాబును రోజులకు తగ్గట్టు సర్దారో లేదో ఈ పద్ధతిలో సరిచూడండి. సర్దలేదనిపిస్తే సెక్షన్ కార్యాలయంలో అడగండి. ఇలా అడగాలంటే రెండు తేదీలూ మీ దగ్గర ఉండాలి. ఖాతాలోంచి ఎంత పోయిందో చెప్పే బ్యాంకు సందేశంలో ఆ తేదీలు ఉండవు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

సూచన: జవాబులను మీ నోటుపుస్తకంలో రాసి, 7.9లో ఇచ్చిన వాటితో పోల్చుకోండి.

1. నెలకు 150 యూనిట్లు వాడిన ఇంటికి ఎనర్జీ చార్జి, విద్యుత్ సుంకం ఎంత?
2. నెలకు 260 యూనిట్లకు ఎనర్జీ చార్జి ఎంత?
3. 35 రోజులకు 105 యూనిట్లు వాడిన ఇంటి 30 రోజుల వాడకం ఎంత?

7.5 ఖాతా నుంచి నేరుగా చెల్లింపు

బిల్లు ఇచ్చిన సంస్థ లేదా మీరు వాడే యాప్, మీరు ముందుగా ఇచ్చిన అనుమతి ఆధారంగా మీ ఖాతా నుంచి డబ్బు తీసుకోవడాన్ని ఆటో డెబిట్ లేదా డైరెక్ట్ డెబిట్ అంటారు. ఆ అనుమతిని మాండేట్ అంటారు. మన దేశంలో ఇది మూడు రూపాల్లో కనిపిస్తుంది.

అ) బ్యాంకు మాండేట్: పూర్వం ఈసీఎస్ అనేవారు. ఇప్పుడు భారత జాతీయ చెల్లింపుల సంస్థ నడిపే 'నాచ్' వ్యవస్థ ద్వారా జరుగుతుంది.

ఆ) కార్డు మాండేట్: డెబిట్ కార్డు లేదా క్రెడిట్ కార్డు మీద ఇచ్చే స్థిర ఆదేశం.

ఇ) యూపీఐ ఆటోపే: 2020 జూలైలో మొదలైంది. యూపీఐ యాప్‌లోనే మాండేట్ ఇవ్వవచ్చు, రద్దు చేసుకోవచ్చు.

కార్డు, యూపీఐ మాండేట్లకు రిజర్వు బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి పూర్తిగా అమలవుతున్నాయి. వాటిలో మీరు గుర్తుంచుకోవలసినవి నాలుగు.

• మాండేట్ ఇచ్చేటప్పుడు అదనపు ధ్రువీకరణ తప్పనిసరి.
• డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. ఆ ఒక్క చెల్లింపును ఆపే వీలు కూడా ఇవ్వాలి.
• ప్రతి నెలా మారే బిల్లులకు మీరు గరిష్ఠ పరిమితి పెట్టుకోవచ్చు.
• రూ. 15,000 వరకు ప్రతిసారీ ఓటీపీ అడగకుండా చెల్లింపు జరగవచ్చు. 2022 జూన్ వరకు ఈ పరిమితి రూ. 5,000.

ఆ 24 గంటల ముందు వచ్చే సందేశాన్ని చాలామంది ప్రకటన అనుకుని చెరిపేస్తారు. నిజానికి బిల్లు తెరిచి చూడమని మిమ్మల్ని హెచ్చరించే గంట అదే.

ఖాతాలో డబ్బు లేక మాండేట్ తిరిగి వెళ్తే బ్యాంకు అపరాధ రుసుము వేస్తుంది. అంతేకాదు, 2007 నాటి చెల్లింపులు, పరిష్కార వ్యవస్థల చట్టం 25వ సెక్షన్ ప్రకారం, డబ్బు చాలక ఎలక్ట్రానిక్ చెల్లింపు తిరిగి వెళ్ళడం చెక్కు బౌన్స్ వంటి నేరమే. కాబట్టి జీతం పడే తేదీనీ, బిల్లు గడువునూ చూసి మాండేట్ పెట్టుకోండి.

విదేశాల నుంచి తిరిగి వచ్చినవారు ఇక్కడొక తేడా గమనించాలి. బ్రిటన్‌లో చాలా కుటుంబాలు ఏడాది వాడకాన్ని అంచనా వేసి, నెలనెలా ఒకే మొత్తాన్ని డైరెక్ట్ డెబిట్‌గా కడతాయి. వేసవిలో మిగిలినది చలికాలానికి సర్దుబాటవుతుంది. మన దగ్గర ఏ నెల బిల్లు ఆ నెలదే. మే నెలలో ఏసీ బిల్లు జనవరి బిల్లుకు రెండు మూడు రెట్లు ఉండవచ్చు. జనవరి బిల్లు చూసి పరిమితి పెడితే, ఎండాకాలంలో మాండేట్ విఫలమవుతుంది.

2024 జూలై అనుభవం కూడా తెలుసుకోదగినదే. రిజర్వు బ్యాంకు ఆదేశాల నేపథ్యంలో ఆ నెల 1వ తేదీ నుంచి ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, అమెజాన్ పే వంటి యాప్‌ల ద్వారా బిల్లుల స్వీకరణ నిలిచిపోయిందని, తమ వెబ్‌సైటు, యాప్ ద్వారా చెల్లించమని టీజీఎస్పీడీసీఎల్ ప్రకటించింది. తరువాత భారత్ బిల్‌పే వ్యవస్థ ద్వారా ఆ దారి మళ్ళీ తెరుచుకుంది. మాండేట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండే వినియోగదారుడికి ఇలాంటి మార్పులు ఆలస్యంగా తెలుస్తాయి. గడువు తేదీ బాధ్యత మాత్రం ఎప్పటికీ వినియోగదారుడిదే.

7.6 చూడకపోతే కనబడనివి

(క) అదనపు డిపాజిట్: వినియోగదారుడి సగటు బిల్లులో సుమారు రెండు నెలల మొత్తం పంపిణీ సంస్థ దగ్గర డిపాజిట్‌గా ఉండాలి. వాడకం పెరిగితే మిగతాది అడుగుతారు. దీన్ని ఏసీడీ అంటారు. ఇది మీ డబ్బే, దీనికి వడ్డీ కూడా వస్తుంది. ఒక నెల మొత్తం హఠాత్తుగా పెరిగితే ఇది కలిసిందేమో చూడండి. అద్దెకుండేవారు ఏసీడీ కడితే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు యజమానితో లెక్క చూసుకోవాలి.

(గ) తాళం వేసిన ఇల్లు: రీడింగు తీయడానికి వీలుకాకపోతే సగటు మీద తాత్కాలిక బిల్లు వస్తుంది. 2020 విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, వరుసగా రెండుసార్లు రీడింగు తీయలేకపోతే వినియోగదారుడే మీటరు ఫొటో తీసి పంపవచ్చు.

(చ) ఖాళీ చేసిన ఇల్లు: మాండేట్ సర్వీసు సంఖ్యకు ముడిపడి ఉంటుంది. మీరు గచ్చిబౌలి నుంచి మియాపూర్‌కు ఇల్లు మారినా, రద్దు చేయకపోతే పాత ఇంట్లో కొత్తగా చేరినవారి కరెంటుకు మీ ఖాతా నుంచే డబ్బు పోతుంది.

(జ) తారుమారైన మీటర్లు: దీన్ని నా సొంత అనుభవంతో చెబుతాను. ఉద్యోగ విరమణ తరువాత మేము ఐటీ కారిడార్‌లోని ఒక అపార్టుమెంటులో చేరాం. మొదటి నెలలోనే ఆటో డెబిట్ పెట్టుకున్నాను. నెలకు 80 యూనిట్ల చొప్పున వచ్చేది. ఎల్‌ఈడీ బల్బులు మార్చిన పుణ్యమని మురిసిపోయి, ఇరుగుపొరుగు వారికి పొదుపు పాఠాలు కూడా చెప్పాను. పదకొండో నెలలో ఊరికి వెళ్ళి, మెయిన్ స్విచ్ కట్టేసి నెల్లాళ్ళు ఉండి వచ్చాం. అయినా బిల్లు 78 యూనిట్లు వచ్చింది. అప్పుడు సెల్లారులోని మీటర్ల బోర్డు దగ్గరికి వెళ్ళి చూస్తే, నా పేరు రాసిన మీటరు ఎదురింటిది. ఎదురింటి పేరు రాసినది నాది.

ఎదురింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. ఆవిడకు కుటుంబ పింఛనే ఆధారం. రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్ తప్ప పెద్ద వాడకం లేదు. మా ఏసీకి అయిన కరెంటు, నెలకు సుమారు 230 యూనిట్లు, ఆవిడ ఖాతాలోంచి పోయింది. పరాయి దేశంలో ఉన్న కొడుకు ఆవిడకు కూడా ఆటో డెబిట్ పెట్టి ఇచ్చాడు. 80 యూనిట్లకు ఎనర్జీ చార్జి రూ. 190.50. 230 యూనిట్లకు రూ. 1,251. నెలకు వెయ్యికి పైగా తేడా. 'ఎండలు కదా బాబూ, అందరికీ అంతే వస్తోందనుకున్నాను' అన్నారావిడ. పదకొండు నెలల బిల్లులు ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చుని లెక్క చూశాం. తేడా మొత్తం ఆవిడకు చెల్లించాను. వైర్లు కలిపింది ఎవరైనా కావచ్చు. పదకొండు నెలలు మీటరు సంఖ్యను సరిచూడనిది మాత్రం నేనే.

ఈ పరీక్ష మీరూ చేయండి. ఇంట్లో మెయిన్ స్విచ్ కట్టేసి, కింద మీ మీటరు దగ్గరికి వెళ్ళండి. రీడింగు కదలకూడదు. వాడకాన్ని సూచిస్తూ మిణుకుమనే చిన్న దీపం ఆగిపోవాలి. ఇంకా మిణుకుతోందంటే ఆ మీటరు వేరొకరి ఇంటిది కావచ్చు, లేదా మీ తీగల్లోంచి ఎక్కడో కరెంటు పోతూ ఉండవచ్చు. తీగలను మీరు ముట్టుకోవద్దు. విద్యుత్ సిబ్బందిని పిలవండి.

7.7 తప్పు కనబడితే ఏం చేయాలి?

1. 1912 నంబరుకు ఫోను చేసి లేదా సెక్షన్ కార్యాలయంలో ఫిర్యాదు నమోదు చేయండి. ఫిర్యాదు సంఖ్యను రాసి పెట్టుకోండి. మీటరు ఫొటో, రెండు మూడు నెలల బిల్లులు జతచేయండి.

2. అక్కడ పరిష్కారం కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, ఆ తీర్పు కూడా సంతృప్తిగా లేకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ ఈ రెండు మెట్లనూ ఏర్పాటు చేసింది.

3. వివాదం తేలేలోపు కనెక్షన్ తీసేస్తారేమోనని భయపడవద్దు. అదే చట్టం 56వ సెక్షన్ ప్రకారం, నిరసన తెలుపుతూ అడిగిన మొత్తాన్ని గాని, గత ఆరు నెలల సగటు మొత్తాన్ని గాని, ఏది తక్కువైతే అది కడితే కనెక్షన్ తొలగించకూడదు. ఆటో డెబిట్ ఉంటే, వివాదంలో ఉన్న మొత్తం పోకముందే ఆ నెల చెల్లింపును ఆపుకోవాలి.

4. బకాయి ఉన్నా కూడా 15 పూర్తి రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా కరెంటు తీయకూడదని ఆ సెక్షనే చెబుతుంది. కాబట్టి 'బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రికే కరెంటు కట్ చేస్తాం, ఈ నంబరుకు ఫోను చేయండి' అని తెలియని మొబైల్ నుంచి వచ్చే సందేశం మోసం. ఆ నంబరుకు ఫోను చేయవద్దు. వారు చెప్పిన యాప్ దించుకోవద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

7.8 సారాంశం

కరెంటు బిల్లులో మీటరు సంఖ్య, రీడింగులు, తేదీలు, స్లాబు అనే నాలుగింటిని సరిచూస్తే చాలా పొరపాట్లు బయటపడతాయి. 100, 200 యూనిట్ల హద్దుల దగ్గర ఒక్క యూనిట్ కూడా భారమవుతుంది కాబట్టి రోజుల లెక్క అవసరం. ఆటో డెబిట్ గడువు మరిచిపోకుండా కాపాడుతుంది. బిల్లు సరైనదో కాదో అది చెప్పదు. పరిమితి పెట్టుకోవడం, ముందస్తు సందేశం రాగానే బిల్లు తెరవడం, ఇల్లు మారినప్పుడు మాండేట్ రద్దు చేయడం అలవాటు చేసుకోవాలి. నెలకు అయిదు నిమిషాలు చాలు. ఇంట్లో పెద్దవారికి ఆటో డెబిట్ పెట్టి ఇచ్చినవారు, ఆ అయిదు నిమిషాలు వారి బిల్లుకు కూడా కేటాయించాలి.

7.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు

1. ఎనర్జీ చార్జి: (100 × 3.40) + (50 × 4.80) = రూ. 580.00. విద్యుత్ సుంకం: 150 × 0.06 = రూ. 9.00.
2. (200 × 5.10) + (60 × 7.70) = 1020.00 + 462.00 = రూ. 1,482.00.
3. రోజుకు 3 యూనిట్లు. 30 రోజులకు 90 యూనిట్లు.

7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో జవాబులు రాయండి.
1. గృహ వినియోగ టారిఫ్‌లో 200 యూనిట్ల హద్దు ప్రాధాన్యాన్ని సోదాహరణంగా వివరించండి.
2. ఆటో డెబిట్ పద్ధతులను, వినియోగదారుడు తీసుకోవలసిన జాగ్రత్తలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 వాక్యాలలో జవాబులు రాయండి.
1. బిల్లు వివాదంలో 56వ సెక్షన్ కల్పించే రక్షణ ఏమిటి?
2. మీ ఇంటి గత మూడు నెలల బిల్లులను తీసుకుని, రోజువారీ సగటు వాడకాన్ని పట్టికగా రాసి విశ్లేషించండి.

7.11 కీలక పదాలు

మాండేట్: ఖాతా నుంచి డబ్బు తీసుకోవడానికి ఖాతాదారుడు ముందుగా ఇచ్చే అనుమతి.
స్లాబు: ఒకే ధర వర్తించే యూనిట్ల శ్రేణి.
కాంట్రాక్టు లోడు: ఒక సర్వీసుకు మంజూరైన విద్యుత్ సామర్థ్యం.
ఏసీడీ: పెరిగిన వాడకానికి తగినట్లు వినియోగదారుడు కట్టవలసిన అదనపు డిపాజిట్.
టారిఫ్ ఉత్తర్వు: కరెంటు ధరలను నిర్ణయిస్తూ నియంత్రణ మండలి ఇచ్చే ఆదేశం.